మాధవీలత చుట్టరికము

పరీక్షాపత్రమున "మాధవి" యను పదమునకు అర్థము వ్రాయుమని యడిగినచో విద్యార్థి "ఒక పూలతీగ" యని వ్రాయును. ఉపాధ్యాయుడు దానికి నిండు మార్కులు వేయును. ఆ సమాధానము తప్పు కాదు. అయినను ఆ "ఒక" యను మాటలో పెద్ద లోటు దాగియున్నది. ఆ తీగ యేది? దాని ఆకు ఎట్లుండును? అది ఏ మాసమున పూయును? దానిపై వ్రాలు తుమ్మెద యేది? ఈ ప్రశ్నలకు వ్రాసినవానియొద్ద సమాధానము లేదు. దిద్దినవారియొద్దను పెక్కుసారులు లేదు. కావ్యమున నిత్యము కనబడు తీగ పెరటిలో ఎన్నడును కనబడకపోవుటయే దీనికి కారణము.

అమరకోశమును వల్లించిన పాతతరమువారికి అతిముక్తము, పుండ్రకము, వాసంతి, మాధవీలత యనునవి ఒక్క తీగకే పేర్లని తెలియును. కాళిదాసు మేఘసందేశమున యక్షుని యింటి తోటలో మాధవీమండపమును నిలిపినాడు. శాకుంతలము మూడవ అంకమున చెలికత్తె తన సఖి వలపును మెచ్చుకొనుచు, చిగిర్చిన అతిముక్తలతను మోయుటకు మామిడియే తగినదను భావమును పలుకును. ఇది కేవలము అలంకారము కాదు. మాధవి నాజూకు తీగ కాదు. వయసు వచ్చినకొలది దాని కాండము మ్రానువలె గట్టిపడి బరువెక్కును. దానిని మోయుటకు నిజముగనే మామిడివంటి బలమైన చెట్టు కావలయును. కవి చూచి వ్రాసెను. నేటి చదువరి చూడకయే చదువుచున్నాడు.

మాధవి తూర్పు కనుమల అడవులలో తనంతట తాను పెరుగు మొక్క. దాని ఆకులు దళసరిగ, ముదురాకుపచ్చగ, ఎదురెదురు జంటలుగ పుట్టును. సుమారు ఫిబ్రవరి నుండి ఏప్రిలు వరకు రెమ్మల చివరల గుత్తులు గుత్తులుగ పూయును. వాసంతి యను పేరు దీనికి ఊరక రాలేదు. పూవునకు రేకులు ఐదు. తెలుపునకు లేత గులాబి ఛాయ సోకిన రంగు. రేకుల అంచులు కుచ్చులు కుట్టినట్లు చీలికలై యుండును. ఐదింటిలో ఒక్క రేకునకు మాత్రము నడుమ పసుపు అద్దినట్లుండును. కేసరములు పది, వానిలో ఒకటి తక్కిన తొమ్మిదింటికంటె పొడవైనది. కీలము కొన్ని పూవులలో కుడివైపునకును, కొన్నింటిలో ఎడమవైపునకును వంగియుండును. ఒక పూవు మరియొక పూవునకు అద్దములోని ప్రతిబింబమువలె తోచును. ఒక పూవుపై వ్రాలిన తేనెటీగ యొడలికి ఒక ప్రక్క అంటిన పుప్పొడి, ఎదురు వంపుగల వేరొక పూవు కీలాగ్రమునకు చేరుటకు ఈ యమరిక తోడ్పడును. కాయకు మూడు రెక్కలు. ఒకటి పొడవు, రెండు పొట్టి. ఎండి తీగనుండి విడివడినప్పుడు అది గాలిలో గిరగిర తిరుగుచు తల్లికి దూరముగ పోయి పడును.

ఈ యెగురు కాయను చూచియే పాశ్చాత్య శాస్త్రజ్ఞులు దీనికి పేరుపెట్టిరి. 1790లో జర్మను వృక్షశాస్త్రవేత్త గేర్ట్‌నర్, ఎగురుట యను అర్థముగల గ్రీకుమాటనుండి "హిప్టేజ్" అను పేరు తీసి, దాని ప్రక్క "మాడాబ్లోటా" యని చేర్చెను. ఆ రెండవ మాట లాటిను వేషము వేసిన మాధవీలతయే. నేడు శాస్త్రగ్రంథములలో దీనిని హిప్టేజ్ బెంగాలెన్సిస్ అని వ్యవహరింతురు. 1789లో శాకుంతలమును ఆంగ్లమునకు తెచ్చిన సర్ విలియం జోన్స్ కూడ ఈ తీగ పూవులను గూర్చి వ్రాయుచు, కాళిదాస జయదేవుల పొగడ్తకు ఇవి తగినవే యని ఒప్పుకొనెను. తెలుగునేలకు మరింత దగ్గరి ముచ్చట యొకటి కలదు. 1781 మొదలుకొని కొన్ని సంవత్సరములు గోదావరీప్రాంతమున సామర్లకోటలో నివసించి మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి తాను వెలువరించిన గ్రంథము తొలి సంపుటమున, 1795లో, ఈ తీగకు స్థానమిచ్చెను. సముద్రములు దాటి వచ్చినవాడు దీనిని గుర్తించి గ్రంథమునకెక్కించెను. ఆ గడ్డమీద పుట్టినవారు దీనిని నిఘంటువునకు అప్పగించి ఊరకుండిరి.

"పెరటి చెట్టు మందునకు రాదు" అనునది తెలుగు సామెత. పూల విషయమునను అది నిజమైనది. నేడు పట్టణములలో గోడలమీద ప్రాకు తీగలను లెక్కించిచూచినచో కాగితపుపూలకు అగ్రస్థానము లభించును. వాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. కాశీరత్నము పేరునకు కాశీది. పుట్టుకకు అదియు అమెరికా ఖండపుదే. మాధవి పేరు మాత్రము కొన్నిచోట్ల వేరొక తీగకు సంక్రమించినది. తెలుగువారు రాధామనోహరమని పిలుచు తీగను, సాయంకాలమున తెల్లగ విచ్చి మరునాటికి గులాబియై ఆపై ఎర్రబడు ఆ పూల తీగను, మాధవీలత యని చెప్పి చూపువారు కలరు. అదియు అందమైన తీగయే. అయినను ఒకదాని పేరు మరియొకదానికి తగిలించుటచేత మొదటిది రెండవమారు మరుగుపడుచున్నది.

అందమే తోటకు పరమార్థమైనచో ఈ చర్చకు ఇంతటితో స్వస్తి చెప్పవచ్చును. ఏ దేశపు పూవైన నేమి, కంటికి ఇంపుగ నున్న చాలును. కాని తోటను చూచు కన్నులు మనుష్యునివి మాత్రమే కావు. తీగకు ఇద్దరు అతిథులు వత్తురు. ఒకరు పూవుకొరకు వచ్చువారు, ఒకరు ఆకుకొరకు వచ్చువారు. పూవులోని తేనె చలివేంద్రము వంటిది. బాటసారి ఎవరైనను వచ్చి దప్పి తీర్చుకొని పోవచ్చును. విదేశపు పూవుపై స్వదేశపు సీతాకోకచిలుక వ్రాలుట అందువలననే కనబడుచుండును. దానిని చూచి తోట జీవులతో నిండియున్నదని యజమానుడు మురియును. ఆకు సంగతి అట్టిది కాదు. ప్రతి మొక్కయు తన ఆకులో తనను తినవచ్చు పురుగులకు గిట్టని రసములను దాచుకొనును. అనేక సహస్ర వత్సరములు ఆ మొక్కతో కలిసి మెలిసి బ్రతికిన పురుగులు మాత్రమే ఆ రసములను అరిగించుకొన నేర్చినవి. కావున సీతాకోకచిలుక తేనెను ఎచ్చటనైనను త్రాగును గాని గ్రుడ్లను ఎచ్చటబడిన అచ్చట పెట్టదు. తన బిడ్డలు తినదగిన ఆకును వెదకికొని పోయి పెట్టును. అనగా విదేశపు తీగ దానికి చలివేంద్రము కాగలదు. స్వదేశపు తీగ మాత్రమే పుట్టినిల్లు కాగలదు.

మాధవి ఆకులను తిని పెరుగునవి స్కిప్పర్లు అను తెగకు చెందిన చిన్న సీతాకోకచిలుకల గొంగళిపురుగులు. ఈ తెగ పురుగులు ఆకును చుట్టగ చుట్టి, దారముతో బిగించి, ఆ గదిలో దాగియుండును. తోటమాలి దానిని చూచి తెగులు వచ్చినదని మందు చల్లును. ఆ యొక్క చేతితో అతడు ఎంతమంది నోటిముందరి కూడు తీసివేయుచున్నాడో ఎరుగడు. తేనెపిట్ట పేరునకు తేనెపిట్టయే గాని తన పిల్లలను తేనెతో పెంచదు. పురుగులను, సాలీళ్ళను తెచ్చి పెట్టును. ఆకులను కుట్టి గూడుకట్టు చిన్నపిట్టయు అంతే. పురుగు లేని తోటలో పిట్ట కూయదు. పురుగు కావలెనన్నచో అది తినదగిన ఆకు ఉండవలెను. "తీగ లాగిన డొంకంతయు కదలును" అను సామెతను లోకము దొంగతనములు బయటపడినప్పుడు వాడుచున్నది. దాని మొదటి యర్థము తోటలోనిదే. ఒక్క తీగను పీకినచో దానిని నమ్ముకొన్న పురుగు, పురుగును నమ్ముకొన్న పిట్ట, అన్నియు కదలిపోవును. ఒక్క తీగను నాటినచో ఆ డొంకయంతయు మెల్లమెల్లగ తిరిగి వచ్చును.

స్వదేశపు మొక్కలను నాటుడనుట ఒకవిధమైన సంకుచిత దేశాభిమానము కాదా యని యడుగువారుందురు. మిరపయు, టమాటయు, వేరుసెనగయు అమెరికా ఖండమునుండి వచ్చినవే కదా, వానిని తినుట మానవలెనా యని ఎత్తిపొడుచువారును ఉందురు. ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము మాధవియొక్క విదేశయాత్రలోనే యున్నది. 19వ శతాబ్దమున తెలుగువారు కూలిపనులకై ఓడలెక్కి పోయిన మారిషసు ద్వీపమునకు ఈ తీగయు తోటల అలంకారముగ చేరినది. అచ్చట అది తోట గోడ దాటి అడవిలో ప్రవేశించెను. రెక్కల కాయలు గాలి చూపిన దారిని పోయినవి. చెట్లమీదికి ప్రాకి, కొమ్మలను కప్పి, వెలుతురును అడ్డగించి, ఆ ద్వీపమునకే ప్రత్యేకమైన అడవిమొక్కలను అణచివేయసాగెను. ప్రక్కనున్న రీయూనియన్ ద్వీపమునను అదే కథ. కాళిదాసు ముద్దుచేసిన మాధవి ఆ ద్వీపములలో అడవుల రక్షకులు కత్తులు పట్టుకొని నరుకు కలుపుతీగ.

తీగ అదియే. పూవు అదియే, పరిమళమును అదియే. మారినదేమి? అది పోవునప్పుడు తన చుట్టములను వెంట కొనిపోలేదు. దాని ఆకును తిని అదుపుచేయు పురుగులు, దానితో చోటుకై పెనుగులాడు సాటి తీగలు, దాని బరువును మోయగల మహావృక్షములు అన్నియు పుట్టిన నేలలోనే ఉండిపోయినవి. కావున మొక్క మంచిది, మొక్క చెడ్డది యనుటకు వీలులేదు. దేశీయత మొక్క యొడలిలోనున్న గుణము కాదు. చుట్టునున్న జీవులతో దానికిగల చుట్టరికము. తూర్పు కనుమలలో ఆ చుట్టరికము కలదు గనుక మాధవి అచ్చట లతాకన్య. మారిషసులో అది లేదు గనుక అదే మాధవి అచ్చట రాక్షసి. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క తెలుగునేలమీది చెరువులను ఎట్లు కప్పివేయుచున్నదో పల్లెలలోని పిల్లలందరు ఎరుగుదురు. ఆ రెండు కథలును ఒక్కటే. మిరపకు పొలములో చోటిచ్చుట వేరు; అడవికి, చెరువునకు అదుపు తప్పిన అతిథిని తోలుట వేరు. దేశాభిమానమునకు ఇందు ప్రసక్తియే లేదు. మారిషసు పిల్లవానికి మాధవిని నాటవద్దని చెప్పుటయు, తెలుగు పిల్లవానికి నాటుమని చెప్పుటయు ఒకే ధర్మమునుండి పుట్టిన రెండు మాటలు.

ఈ ధర్మమును పాఠశాలల పిల్లలు ఆచరణలో పెట్టిన ఉదాహరణము ఆస్ట్రేలియా దేశమున కలదు. ఆ దేశపు తూర్పుతీరమున రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అను పెద్ద సీతాకోకచిలుక కలదు. దాని పిల్లలకు ఆహారము ఆ ప్రాంతపు అడవులలోని ఒక తీగ. అడవులు నరికివేయబడుటచే తీగ తగ్గెను. తీగతోపాటు సీతాకోకచిలుకయు తగ్గెను. ఇది చాలదన్నట్లు దక్షిణ అమెరికానుండి అదే కుటుంబమునకు చెందిన వేరొక తీగను వింతయైన పూవులకొరకు తెచ్చి తోటలలో పెంచిరి. తల్లి సీతాకోకచిలుక దానిని తన తీగ యనుకొని మోసపోయి గ్రుడ్లు పెట్టును. పుట్టిన పిల్లలు ఆ ఆకును తిని చచ్చును. 1990 దశకమున అచ్చటి శాస్త్రజ్ఞుల ప్రోత్సాహముతో పాఠశాలల విద్యార్థులు అడవితీగ మొక్కలను పెంచి బడి ఆవరణములలోను, ఇండ్ల పెరళ్ళలోను నాటిరి. విదేశపు తీగను పెరికివేయుడని ఇరుగుపొరుగువారికి బోధించిరి. ఒక జీవజాతిని నిలుపుటలో చిన్నపిల్లలకు గూడ పాలుండగలదని దీనివలన తేలినది.

ఈ కథలోని తీగకు దగ్గరి చుట్టము తెలుగునేలలోనే కలదు. దాని పేరు ఈశ్వరి. సన్నని కాడ, చిన్న బూరవంటి వింతపూవు గల ఈ తీగను పల్లెలలో నాటువైద్యులు బాగుగ ఎరుగుదురు. నల్లని రెక్కలు, ఎర్రని యొడలు గల రెండు జాతుల సీతాకోకచిలుకల పిల్లలు ఈశ్వరిని, దాని దాయాదులను తప్ప మరియొక ఆకును ముట్టవు. ఆ ఆకులోని విషము వాని యొడలిలో నిలిచి, పెద్దవైన పిమ్మటను పిట్టలబారినుండి కాపాడును. ఆ యెర్రరంగు "నన్ను తినకుడు" అను హెచ్చరిక. వీధిలో ఈశ్వరి యున్నచో ఆ సీతాకోకచిలుక వీధికి వచ్చును, లేనిచో రాదు. లెక్క అంత సూటియైనది. అయితే ఈశ్వరిలోని విషము మనుష్యుల మూత్రపిండములకును హానిచేయునది. కావున ఏ భాగమును నోట పెట్టరాదని పిల్లలకు ముందుగనే గట్టిగ చెప్పవలెను.

తీగలను పెంచుటకు గృహస్థులు చెప్పు అభ్యంతరములు ముఖ్యముగ మూడు. మొదటిది పాముల భయము. ఇది తీసివేయదగిన మాట కాదు. పాము తీగను చూచి రాదు. తీగక్రింద పేరుకొన్న చెత్తను, ఆ చెత్తలో చేరిన ఎలుకలను చూచి వచ్చును. పందిరిక్రింద నేలను శుభ్రముగ నుంచి, తీగను ద్వారమునకు కొంత దూరముగ పెంచి, నేలకు ప్రాకనీయక పైకి ఎక్కించినచో భయము చాలవరకు తగ్గును. రెండవది పురుగుల రోత. స్కిప్పర్ల పురుగులు ఒంటికి తగిలినను దురద పెట్టునవి కావు. ఆకుచుట్టలలోనుండి అవి నడవలలోనికి వచ్చునవియు కావు. ఆకులు కొన్ని చిల్లులు పడుట తోటకు అవమానమని భావించుటయే అసలు చిక్కు. అన్నము వడ్డించిన విస్తరి అట్లే మిగిలినచో అతిథి రాలేదని బాధపడు గృహిణి, తినబడిన ఆకును చూచి ఏల బాధపడవలెను? మూడవది చోటు లేకపోవుట. మాధవికి చోటు కావలెననుట నిజమే. మేడ గదులలో నుండువారు దానికి ఆశపడరాదు. వారికి ఈశ్వరి కలదు, తిప్పతీగ కలదు. పెద్ద కుండీ యొకటి, ప్రాకుటకు నాలుగు కర్రలు చాలును. తిప్పతీగ ఎర్రని పండ్లకు పిగిలిపిట్టలు తామే వచ్చును.

పూల కోత మరియొక చిక్కు. తెల్లవారకముందే సజ్జ పట్టుకొని తీగనంతటిని దులిపివేయు అలవాటు అనేకులకు కలదు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి "పుష్పవిలాపము" ఘంటసాల గళమున ఇంటింట వినబడినది. పూవు బాధను ఆ పద్యములలో విని కన్నీరు పెట్టని తెలుగువారు అరుదు. అయినను వినుటకును సజ్జ పట్టుటకును మధ్య విరోధము వారికి తోచలేదు. పూవు బాధకు తోడు, ప్రొద్దున వచ్చి బోసిపోయిన తీగచుట్టు తిరిగి వట్టినోటితో మరలిపోవు తేనెటీగ బాధను గూడ తలచుకొనవలెను. పూజకు విరోధమేమియు లేదు. పారిజాతములను చెట్టునుండి కోయక, నేలరాలినవానినే యేరి దేవునకు సమర్పించుట పెద్దలు పెట్టిన ఆచారము. ఆ ఆచారమును కొంత విస్తరించి, తీగలో సగము పూవులను తీగకే విడిచినచో దేవుడు కోపించునని ఏ శాస్త్రమునను లేదు.

పెంచు పద్ధతి కష్టమైనది కాదు. వేసవిలో ఎండిన రెక్కల కాయలను ఏరి, రెక్కలు తుంచి, తొలకరికి నీడపట్టున విత్తవలెను. ముదురు కొమ్మను గాలి అంటు కట్టియు మొక్కను తీయవచ్చును. ఎండ బాగుగ తగులు చోట, రెండడుగుల గుంటలో పశువుల ఎరువు కలిపిన మట్టి నింపి నాటవలెను. మొదటి రెండు వేసవులు తప్పక నీరు పోయవలెను. పందిరికి రాతిస్తంభములో, గట్టి ఇనుప గొట్టములో వేయవలెను. సన్నని కర్రలు కొన్నియేండ్లకే దాని బరువునకు విరుగును. బలమైన వేపకో మామిడికో ప్రాకింపవచ్చును గాని చిన్నచెట్లమీదికి పోనీయరాదు, వానిని అణచివేయును. పూవులు ముగిసి కాయలు రాలిన పిమ్మట ఏటేట కత్తిరింపవలెను. పురుగుమందు చల్లరాదు. ఇంకొక చిన్న సంగతి కలదు. పందిరి అడ్డకర్రలలో రెండు మూడు ఎండు వెదురులను ఉండనీయవలెను. కావ్యములలోని గండుతుమ్మెద, అనగా నల్లగ నిగనిగలాడు పెద్ద తేనెటీగ, ఎండిన మ్రానును, వెదురును తొలిచి అందు గూడు కట్టుకొనును. పూవు నొకచోట, గూడు నొకచోట వెదకుకొను శ్రమ దానికి తప్పును. తుమ్మెద ఝంకారము ఎట్లుండునని పిల్లవాడు అడిగినప్పుడు ఉపాధ్యాయుడు వానిని ఆ పందిరిక్రింద నిలువబెట్టిన చాలును.

ఇట్టి పందిరి బడిలో నుండుట ఇంటిలో నుండుటకంటె మేలు. తెలుగు ఉపాధ్యాయునికి అది సజీవమైన టిప్పణి. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునికి పరాగసంపర్క పాఠము. భౌతికశాస్త్రము చెప్పువారు రెక్కలున్న కాయను, రెక్కలు తీసిన కాయను మేడమీదినుండి ఒక్కసారి విడిచి, ఏది ఎంతసేపటికి నేల తాకినదో పిల్లలచే కొలిపింపవచ్చును. గణితము చెప్పువారు కుడివంపు పూవులెన్ని, ఎడమవంపు పూవులెన్ని యని లెక్కింపజేయవచ్చును. ఏటేట తొలిపూవు విచ్చిన తేదీ, తొలి తుమ్మెద వచ్చిన తేదీ, ఆకుచుట్టల సంఖ్య ఒక పుస్తకమున వ్రాసి తరువాతి తరగతికి అప్పగించినచో పదియేండ్లకు ఆ బడికి ఒక చరిత్ర యేర్పడును. అట్టి పుస్తకమును ఏ ప్రచురణకర్తయు ముద్రించి యమ్మలేడు.

మొక్క దొరకదనునది చివరి సాకు. తెలుగునేలలోని కడియము నర్సరీలనుండి దేశములోని అనేక ప్రాంతములకు లారీలతో మొక్కలు పోవుచున్నవి. అడుగువారు లేనిచో పెంచువారుండరు. ఇది వర్తకపు లోకరీతి. పది బడులు మాధవిని అడిగినచో పదునొకండవ బడికి అది సిద్ధముగ నుండును. 1950లో మొదలైన వనమహోత్సవము ఏటేట జూలై మాసమున జరుగుచునే యున్నది. ప్రతి సంవత్సరము పిల్లలు గుంటలు త్రవ్వి చెట్లు నాటుచునే యున్నారు. చెట్టు నాటినవారు తీగను మరచిరి. వెనుకటి సంవత్సరములలో నాటిన వేపలు, మామిళ్ళు అనేక ఆవరణములలో ఇప్పటికి బలము పుంజుకొని యుండును. వానికి ఇప్పుడొక మాధవిని జతచేయుట ఒక్క పూట పని. ఒక మొక్క, ఒక గుంట, రెండు వేసవుల నీరు, ఆపై సంవత్సరమున కొకమారు కత్తెర: వ్యయమంతయు ఇదియే. మిగిలిన పని తుమ్మెదలు చేసికొనును.